దీపమార్పిన వాకిలి



గత సంవత్సరం నవంబరు 1, శుక్రవారం. అత్తిలిలో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మాకు ఖాలా వరుస అయ్యే ఒక పెద్దావిడ ఫజ్ర్ నమాజు ముగించి జానమాజు మడవబోతుండగా ఫోను మోగింది. ఆమె కుమార్తె కుటుంబం అమెరికాలోని డాలస్ నగర శివారులో ఉంటున్నది. మనకు శుక్రవారం వేకువ అయితే వారికి అది గురువారం సాయంత్రం, అక్టోబరు 31. తెరమీద కుమార్తె కనిపించలేదు, ఏడేళ్ల మనుమడు కనిపించాడు. వాడున్న గదిలో వెలుతురు లేదు.

“నానీ, మెల్లగా మాట్లాడు” అన్నాడు వాడు. “బయట పిల్లలు తిరుగుతున్నారు. అమ్మీ వాకిలి దీపం ఆర్పేసింది. మేము వెనక గదిలో ఉన్నాం.” కాసేపు ఆగి అడిగాడు: “మన ఇంట్లో మనమే ఎందుకు దాక్కోవాలి నానీ?”

ఖాలాకు జవాబు తోచలేదు. ఆ రోజు జుమా నమాజు తరువాత మేము ఆమెను పలకరించడానికి వెళ్లినప్పుడు ఆ ప్రశ్నను మా ముందుంచారు. “నువ్వు పత్రికలో రాస్తావు కదా బేటా, వాడికి ఏమి చెప్పమంటావు?” అన్నారు. మేము కూడా వెంటనే చెప్పలేకపోయాము.

ఈ నెలాఖరున ఆ రాత్రి మళ్లీ రానున్నది. ఇది సముద్రాలు దాటి వెళ్లిన మన బిడ్డలకు మాత్రమే ఎదురయ్యే సమస్య అని ఊరుకోవడానికి కూడా ఇప్పుడు వీలులేదు. హైదరాబాదులోని కొన్ని అపార్టుమెంట్లలో, పాఠశాలలలో అక్టోబరు చివరి వారం వచ్చిందంటే పిల్లలకు దెయ్యాల వేషాలు వేయిస్తున్నారు. అందువల్ల ఆ పసివాని ప్రశ్నను ఈ నెల మనందరి ప్రశ్నగా స్వీకరిద్దాం.

ముందుగా ఆ రాత్రి ఏమి జరుగుతుందో తెలుసుకోవాలి. అక్టోబరు 31ని అక్కడ హాలోవీన్ అంటారు. చీకటి పడగానే పిల్లలు రకరకాల వేషాలు వేసుకుని, చేతిలో సంచులతో ఇంటింటికీ వెళ్లి తలుపు తడతారు. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అంటారు. మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా అని దాని భావం. ఇంటివారు చాక్లెట్లో, మిఠాయిలో సంచిలో వేస్తారు. గుమ్మడికాయలను దొలిచి, వాటికి కళ్లు, నోరు చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మం ముందు ఉంచుతారు. వాకిలి దీపం వెలుగుతుంటే తలుపు తట్టవచ్చునని, ఆర్పి ఉంటే తట్టవద్దని అందరూ అర్థం చేసుకుంటారు.

ఈ ఆచారం పుట్టుక చాలా పాతది. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల కెల్టిక్ ప్రజలు కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ సౌయిన్ అనే పర్వాన్ని జరుపుకునేవారు. ఆ రాత్రి మృతుల లోకానికీ మన లోకానికీ నడుమ ఉన్న తెర పలచబడుతుందని వారి నమ్మకం. తరువాతి కాలంలో క్రైస్తవ సంఘం నవంబరు 1ని సకల పునీతుల పండుగగా, నవంబరు 2ని మరణించిన వారి స్మరణ దినంగా పాటించసాగింది. మన గోదావరి జిల్లాలలోనూ నవంబరు 2న క్రైస్తవ సోదరులు సమాధులను శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించడం మనం చూస్తూనే ఉంటాం. దానిని ఇక్కడ సమాధుల పండుగ అంటారు. హాలోవీన్ అనే పేరుకు అర్థం పునీతుల పండుగకు ముందు సాయంత్రం అని మాత్రమే.

మధ్యయుగాల ఇంగ్లండులో ఆ రోజుల్లో బీదవారు ఇంటింటికీ వెళ్లేవారు. ఇంటివారు చిన్న రొట్టెలు ఇచ్చేవారు. రొట్టె అందుకున్నవారు ఆ ఇంట మరణించిన వారి ఆత్మల కోసం ప్రార్థన చేసేవారు. అంటే మొదట అది ఆకలికీ ప్రార్థనకూ మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోలు. స్కాట్లండులో, ఐర్లండులో పిల్లలు మారువేషాలలో వచ్చి ఒక పాటో, పద్యమో వినిపించి, అందుకు ప్రతిఫలంగా పండో, నాణెమో తీసుకునేవారు. అక్కడ టర్నిప్ దుంపలను దొలిచి దీపాలు చేసేవారు. 1845లో ఐర్లండులో బంగాళాదుంపల పంట కుళ్లి మహాక్షామం వచ్చినప్పుడు లక్షలాది మంది అమెరికాకు వలసపోయారు. అక్కడ గుమ్మడికాయ పెద్దది, మెత్తనిది, సులువుగా దొరికేది. దుంప స్థానంలో గుమ్మడి వచ్చి చేరింది.

అమెరికా చేరిన తరువాత ఆచారం మరొక మలుపు తిరిగింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆ రాత్రి కుర్రకారు అల్లరికి పెట్టింది పేరయింది. గేట్లు ఊడదీయడం, కిటికీలు పగలగొట్టడం వరకూ పోయేది. విసిగిపోయిన పెద్దలు అల్లరిని మళ్లించడానికి పిల్లలకు వేడుకలు, మిఠాయిలు ఏర్పాటు చేయసాగారు. 1927లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రపు పత్రికలో ఈ ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ మాట అచ్చయి కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చక్కెరకు రేషన్ విధించడంతో సందడి తగ్గింది. యుద్ధం ముగిసి చక్కెర దొరకగానే, కొత్తగా లేచిన శివారు కాలనీలలో అది దేశమంతటా పాకింది. 1950లో ఫిలడెల్ఫియాలో కొందరు పిల్లలు మిఠాయికి బదులు, ఇతర దేశాల పేద పిల్లల కోసం ఇంటింటా చిల్లర పోగుచేశారు. యూనిసెఫ్ పేరిట ఆ పద్ధతి ఇప్పటికీ కొనసాగుతున్నది.

ఆ తరువాత భయం వచ్చింది. 1974లో టెక్సాస్‌లో ఒక బాలుడు ఆ రాత్రి తెచ్చుకున్న మిఠాయి తిని మరణించాడు. దేశమంతా అపరిచితులను అనుమానించింది. విచారణలో తేలినదేమంటే, బీమా సొమ్ము కోసం అందులో విషం కలిపినవాడు ఆ బాలుని కన్నతండ్రే. డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దాల పత్రికా వార్తలను పరిశీలించి, ఎవరో తెలియని ఇంటివారు ఆ రాత్రి ఇచ్చిన విషపు మిఠాయి వల్ల బిడ్డ మరణించినట్లు రుజువైన సంఘటన తనకు ఒక్కటీ కనిపించలేదని చెప్పారు. అయినా పొరుగువాని మీద అనుమానం మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు చాలాచోట్ల పిల్లలు ఇళ్లకు వెళ్లడం లేదు. చర్చి ఆవరణలోనో, పాఠశాల మైదానంలోనో కార్లు వరుసగా నిలిపి, వాటి వెనుక డిక్కీలు తెరిచి, అక్కడే మిఠాయిలు పంచుతున్నారు. తలుపు తట్టడంతో మొదలైన ఆచారంలో చివరికి తలుపే లేకుండా పోయింది.

పాఠకులు గమనించే ఉంటారు. ప్రార్థన పోయి పాట వచ్చింది, పాట పోయి అల్లరి వచ్చింది, అల్లరి పోయి అంగడి వచ్చింది. పేరు మాత్రం అదే. ఆచారం ఒక పాత్ర వంటిది. అందులో ఏ తరంవారు ఏది పోస్తే అది నిలుస్తుంది.

ఇక మన గడప దగ్గరకు వద్దాం. ఆ రోజు ఖాలా ఇంట్లో టీ తాగుతూ మేము అడిగాము: “మీ చిన్నప్పుడు పిల్లలు ఇలా ఇంటింటికీ వచ్చేవారు కారా?” ఆమె ముఖం వికసించింది. “ఎందుకు రారు! దసరాకు పప్పుబెల్లాల పిల్లలు వచ్చేవారు కదా” అన్నారు.

ఈ తరం పాఠకుల కోసం కాస్త వివరించాలి. జీతాలిచ్చే సర్కారు బడులు ఊరూరా రాకముందు మన కోస్తా జిల్లాలలో వీధిబడులు ఉండేవి. ఆ బడి పంతులుగారికి నెలజీతమంటూ స్థిరంగా ఉండేది కాదు. దసరా రోజుల్లో ఆయన పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లంబులు ఉండేవి. వారు పాటలు పాడేవారు, నేర్చిన చదువు అప్పజెప్పేవారు. ఇంటివారు పంతులుగారికి తోచినంత డబ్బు ముట్టజెప్పి, పిల్లలకు వేయించిన శనగపప్పు, బెల్లం పెట్టేవారు. ఊరి పిల్లలకు చదువు చెప్పిన మనిషిని ఊరంతా కలిసి పోషించుకునే ఏర్పాటు అది.

“అణాలు పోయి నయాపైసలు వచ్చిన సంవత్సరం నాకు బాగా జ్ఞాపకం” అన్నారు ఖాలా. అంటే 1957. ఆమెకు అప్పుడు ఏడేళ్లు. వారి అబ్బా దర్జీ. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. పంతులుగారి బృందం పాడే పాటల్లో దేవతాస్తుతి ఉంటుందని ఆయనకు తెలుసు. తన కుమార్తెను బృందంతో పాటకు పంపలేదు. అయితే ఆ రోజు ఆయన తలుపు మూయలేదు. పొద్దున్నే పుట్నాలపప్పు, బెల్లం ముక్కలు పళ్లెంలో పోయించి, పంతులుగారి కోసం ఒక రూపాయిని కాగితంలో చుట్టి, గడపలో నిలబడి ఎదురుచూసేవారు. “నా బిడ్డకు అక్షరం నేర్పిన మనిషి వస్తున్నాడు” అనేవారట.

పంతులుగారు కూడా తక్కువ మనిషి కాదు. వారి వీధిలోకి మలుపు తిరిగేసరికి పాట ఆపించేవారు. ఆ గడప ముందు పిల్లలచేత ఎక్కాలు చెప్పించేవారు. పదమూడో ఎక్కం తడబడకుండా చెప్పిన పిల్లవానికి అబ్బా రెండు పిడికెళ్ల పప్పు పెట్టేవారు.

“మరి మీరేం చేసేవారు?” అని అడిగాము.

“నేను పాటకు వెళ్లలేదు బేటా. పళ్లెం పట్టుకున్నాను” అన్నారు ఆమె.

ఆ మాటలోనే పసివానికి చెప్పవలసిన జవాబు ఉన్నదని మాకు అప్పుడు తోచింది. పాల్గొనకపోవడం వేరు, దాక్కోవడం వేరు. ఆ దర్జీ తన విశ్వాసంలో ఒక పోగైనా వదులుకోలేదు. పొరుగువాని బిడ్డను ఒట్టి చేతులతోనూ పంపలేదు. ఎదుటి మనిషి సైతం ఆయన విశ్వాసాన్ని గౌరవించి పాటను ఎక్కంగా మార్చాడు. ఇద్దరు మంచి మనుషులు ఒక గడప దగ్గర కలిసినందువల్ల ఆ నాలుగు గజాల మేర ఆచారం మారింది.

ఆ తరువాత పంతుళ్లకు సర్కారు జీతాలు వచ్చాయి. విల్లంబులు అటకెక్కాయి. మిగిలినది ‘దసరా మామూలు’ అనే మాట ఒక్కటే. మామూలు అనేది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన పదం. ఆచరణకు మనం వాడే ‘అమల్’ అనే మాట, ఇదీ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. వాడుకగా జరిగేది అని దాని అర్థం. గురువుకు కృతజ్ఞతగా ఇచ్చిన దానికి పెట్టిన పేరు నేడు బల్లకింద చేయి చాచేవాని సొమ్ముకు పేరయింది. ఆచారం పాత్ర వంటిదని అన్నాము కదా, మంచిని పోయడం మానివేస్తే అది ఖాళీగా ఉండదు.

బ్రతుకుతెరువు కోసం మన గోదావరి జిల్లాల నుంచి కువైటు వెళ్లిన తల్లులు మరొక ఉదాహరణ చెప్పగలరు. రమజాను నెల సగానికి వచ్చిన రాత్రులలో అక్కడి పిల్లలు సంప్రదాయ దుస్తులు వేసుకుని, మెడలో సంచులు తగిలించుకుని, పాటలు పాడుతూ పొరుగిళ్లకు వెళతారు. ఇంటివారు బాదం, వేరుశనగ, మిఠాయిలు పోస్తారు. దానిని గిర్గిఆన్ అంటారు. ఇదీ ప్రాంతీయమైన ఆచారమే, దీనికి ధర్మంలో ఆధారం లేదని అభ్యంతరం చెప్పిన పండితులూ ఉన్నారు. నేడు అదీ వీధి నుంచి షాపింగ్ మాల్‌కు, గుప్పెడు గింజల నుంచి ఖరీదైన పెట్టెలకు మారుతున్నది. హాలోవీన్ కైనా, పప్పుబెల్లాలకైనా, గిర్గిఆన్‌కైనా పట్టిన జబ్బు ఒక్కటే. పొరుగిల్లు తప్పుకున్నది, అంగడి వచ్చి కూర్చున్నది.

ఇప్పుడు సూటిగా మాట్లాడుకుందాం. హాలోవీన్ వేషాలలో, వేడుకలలో ముస్లిములు పాల్గొనరాదని పండితులలో అత్యధికులు చెబుతారు. దాని మూలం అన్యవిశ్వాసాలలో ఉండటం, దెయ్యాలను, మృతులను ఆటవస్తువులుగా చేయడం అందుకు కారణాలు. మేము ఆ మాటనే గౌరవిస్తాము. కనుక డాలస్‌లోని ఆ తల్లి వాకిలి దీపం ఆర్పడంలో తప్పు లేదు. అక్కడి పద్ధతిలో అది అమర్యాద కూడా కాదు, మర్యాదగా ‘మా ఇంట ఈ వేడుక లేదు’ అని చెప్పడమే. పొరపాటు మరొక చోట జరిగింది. కారణం చెప్పకుండా బిడ్డను చీకటి గదిలో కూర్చోబెట్టారు. ఆ చీకటి వానికి ధర్మాన్ని నేర్పదు, సిగ్గును నేర్పుతుంది. మన విశ్వాసం దాచుకోవలసిన వస్తువేమో అన్న అనుమానం ఏడేళ్ల వయసులో నాటుకుంటే, పదిహేడేళ్లకు అది ఏ చెట్టవుతుందో తల్లిదండ్రులు ఆలోచించాలి.

‘వద్దు’ అనే మాట ఇంటికి గోడ వంటిది. గోడ అవసరమే. అయితే గోడలు మాత్రమే ఉంటే అది ఇల్లు కాదు. పొరుగువాని హక్కును గురించి జిబ్రయీల్ దూత మరీమరీ నొక్కిచెప్పగా, అతనికి ఆస్తిలో వాటా కూడా కల్పిస్తారేమోనని దైవప్రవక్త (స) భావించిన సంగతి మన పిల్లలందరూ మదర్సాలో నేర్చుకున్నదే. కూర వండినప్పుడు కాసిన్ని నీళ్లు ఎక్కువ పోసి పొరుగింటికి పంపమన్న బోధ మన తల్లులకు కంఠతా వచ్చు. ఈదుల్ ఫిత్ర్ నమాజుకు వెళ్లేముందే ఫిత్రా ధాన్యం బీదవాని ఇంటికి చేరాలన్న నియమం మనకున్నది. గమనించండి, మన పండుగ కూడా ఒకరి తలుపు తట్టడంతోనే మొదలవుతుంది. తేడా ఒక్కటే. అక్కడ బిడ్డ సంచి పట్టుకుని అడగడానికి వెళతాడు, ఇక్కడ బిడ్డ పళ్లెం పట్టుకుని ఇవ్వడానికి వెళతాడు.

అయితే నిజాయితీగా చెప్పండి, మన ఇళ్లలో ఫిత్రాను బిడ్డ చేత ఇప్పిస్తున్నామా? ఫోనులో మీట నొక్కి పంపేస్తున్నాము. సేమ్యా పాయసం గిన్నెలు ఎన్ని ఇళ్లకు వెళుతున్నాయి? బిడ్డకు ఒక తలుపు మూసినప్పుడు మరొక తలుపు తెరిచి చూపకపోతే, వాడు మూసిన తలుపు సందులోంచే లోకాన్ని చూస్తాడు.

ఖాలా ఆ మరునాడు మనుమడికి ఫోను చేసి పప్పుబెల్లాల కథ చెప్పారు. వాడు పదమూడో ఎక్కం గురించి రెండుసార్లు అడిగాడట. అటుపై కూతురితో ఆమె విడిగా మాట్లాడారు. ఈ సంవత్సరం మార్చిలో ఈదు వచ్చినప్పుడు ఆ ఇంటివారు షీర్ ఖుర్మా డబ్బాలలో నింపి, పిల్లవాని చేతికిచ్చి, వీధిలోని పదకొండు ఇళ్లకు పంపారు. తండ్రి వెనుక నడిచాడు. అక్కడి పిల్లల్లో కొందరికి బాదం, జీడిపప్పు పడవని, అది ప్రాణం మీదికి కూడా వస్తుందని ముందే విచారించి, రెండు ఇళ్లకు పప్పులు వేయకుండా వండారు. ఒక తలుపు తెరుచుకోలేదు. మరొక ఇంటి వృద్ధురాలు మాత్రం, ఆరేళ్లుగా ఎదురింట్లో ఉంటున్నా మీ పేర్లు తెలియవని బాధపడిందట. సిగ్గుపడవలసింది ఆమె ఒక్కతే కాదు కదా.

ఈ అక్టోబరు 31న కూడా ఆ ఇంటి వాకిలి దీపం ఆర్పే ఉంటుంది. కానీ ముందుగదిలో దీపం వెలుగుతుంది, తెరలు తీసే ఉంటాయి, ఇంటిల్లిపాదీ అక్కడే కూర్చుని భోంచేస్తారు. తెలియక ఏ పిల్లవాడైనా తలుపు తడితే నవ్వుతూ పలకరించి, ‘ఇది మా పండుగ కాదు నాన్నా, ఈదుకు తప్పక రా’ అని చెప్పాలని నిర్ణయించుకున్నారు. వట్టి చేతులతో పంపాలా, చేతిలో ఏదైనా పెట్టాలా అన్నది తమ మసీదు ఇమామును అడిగి తెలుసుకుంటామన్నారు. ఆ పరిస్థితిలో ఉన్న పాఠకులకు మేము చెప్పేదీ అదే.

చివరిగా ఇక్కడ ఉన్న మనకు ఒక మాట. ఖాలా ఇంటి వంటగదిలో ఇప్పటికీ ఒక రేకు డబ్బాలో పుట్నాలపప్పు, మరొక సీసాలో బెల్లం ఉంటాయి. “ఎవరికోసం?” అని అడిగాము. “ఎవరైనా పిల్లలు వస్తారేమోనని” అన్నారు. “ఈమధ్య మా తలుపు తట్టేది పార్శిళ్లు తెచ్చే కుర్రాడొక్కడే. వాడికే పెడుతున్నాను.”

మన వీధిలోని పిల్లలు మన గడప తొక్కి ఎన్నాళ్లయింది? మన పిల్లలు చేతిలో పళ్లెంతో వారి గడప తొక్కి ఎన్నాళ్లయింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడానికి ఈదు దాకా ఆగనవసరం లేదు. ఈ సాయంత్రం కూర కాస్త ఎక్కువగా వండితే చాలు.